పికప్ ట్రక్కులో ప్రీమియం పెట్రోల్ పోయించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది అమెరికాలో పెట్రోల్ పికప్ నడిపేవాళ్ల కోసం రాసింది. ధరలు వారం వారం మారిపోతాయి కాబట్టి ఇక్కడి డాలర్ లెక్కలు ఉదాహరణకే, మీ బంకులో ఉన్న రేటు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

సూటిగా చెప్పండి, ప్రీమియం పోస్తే లాభమా కాదా?

మీ బండి మాన్యువల్ 87 చాలు అంటుంటే, మీరు ఖాళీ ట్రక్కుతో ఆఫీసుకీ ఇంటికీ తిరుగుతుంటే, లాభం లేదు. మాన్యువల్ 91 తప్పనిసరి అంటే ఇక చర్చే లేదు, పోయాల్సిందే. ఈ రెండింటి మధ్య "ప్రీమియం అయితే మంచిది, కానీ 87 కూడా పర్వాలేదు" అనే గుంపు ఒకటుంది. ట్రక్కుల వాళ్ల వాదనలన్నీ అక్కడే పుడతాయి, ఈ పేజీలో ఎక్కువ భాగం కూడా దాని గురించే.

ఈ 87, 89, 91, 93 అంటే అసలేంటి?

ఆక్టేన్ సంఖ్య. 87ని రెగ్యులర్ అంటారు, 91, 93లను ప్రీమియం అంటారు, 89 మధ్యది. సిలిండర్లో పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కినప్పుడు అది తనంతట తానే అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె. ఐసో ఆక్టేన్ అనే రసాయనానికి 100, హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని ఆ కొలబద్దతో మిగతావాటిని పోలుస్తారు. అంతకు మించి ఆ అంకెలో ఏమీ లేదు. 93లో 87 కంటే బలం ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, గ్యాలన్‌కి దొరికే శక్తి రెండింటిలోనూ దాదాపు ఒకటే. ప్రీమియం అనే పేరు పెట్టింది అమ్మేవాళ్లు, ఇంజన్ కాదు.

వేరే దేశాల్లో మామూలు పెట్రోల్ మీదే 95 అని ఉంటుంది కదా, అమెరికా పెట్రోల్ అంత నాసిరకమా?

కాదు, కొలిచే పద్ధతి వేరు. ఐరోపాలోనూ, ఆసియాలో చాలాచోట్లా రీసెర్చ్ పద్ధతిలో వచ్చిన అంకెనే పంపు మీద వేస్తారు. అమెరికాలో రీసెర్చ్, మోటార్ అనే రెండు పద్ధతుల అంకెల సగటు వేస్తారు, పసుపు స్టిక్కర్ మీద నల్ల అక్షరాలతో కనిపించేది అదే. ఆ లెక్కన ఇక్కడి 87 అక్కడి 91కి, ఇక్కడి 91 అక్కడి 95కి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది.

నాకింగ్ అంటారు, అది నిజంగా అంత ప్రమాదమా?

స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంతా సాఫీగా పాకాలి. అది చేరేలోపే ఒక మూలన మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక ఒక్కసారిగా పేలితే దాన్ని నాకింగ్ అంటారు. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు శబ్దం వస్తుంది, ఎక్కువగా ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు. అదే పనిగా, గట్టిగా జరిగితే పిస్టన్లు దెబ్బతింటాయి, కాబట్టి ప్రమాదమే.

అయితే ఇప్పటి ట్రక్కుల్లో నాక్ సెన్సర్ ఉంటుంది. నాకింగ్ మొదలవుతున్నట్టు దానికి అనిపించగానే కంప్యూటర్ స్పార్క్ వేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది, టర్బో (గాలిని ఒత్తి ఇంజన్లోకి నెట్టే పరికరం) ఉంటే ఆ గాలి ఒత్తిడిని కూడా తగ్గిస్తుంది. ఇంజన్ బతుకుతుంది, బదులుగా కొంచెం పవర్, కొంచెం మైలేజీ పోతాయి. ప్రీమియం పోస్తే వచ్చే "లాభం" అంతా ఇలా పోయేదాన్ని పోకుండా ఆపుకోవడమే. అసలు స్పార్క్ వెనక్కి జరపాల్సిన అవసరమే రాని ఇంజన్లో ఎంత ఖరీదైనది పోసినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

రికమెండెడ్ అని ఉంటే ఒకటి, రిక్వైర్డ్ అని ఉంటే ఇంకొకటా?

అవును, రెండూ వేరు. రిక్వైర్డ్ అంటే తప్పనిసరి. అంతకంటే తక్కువ పోసి, నాకింగ్ వల్ల ఇంజన్ దెబ్బతింటే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. రికమెండెడ్ అంటే కంపెనీ ప్రకటనల్లో చెప్పిన హార్స్‌పవర్ పూర్తిగా కావాలంటే ఇది పోయండి, తక్కువది పోసినా బండి సర్దుకుంటుంది అని అర్థం. పెట్రోల్ మూత తలుపు లోపలి వైపు స్టిక్కర్ చూడండి, ఆ తర్వాత మాన్యువల్లో ఇంధనం గురించిన పేజీ మొత్తం చదవండి. స్టిక్కర్ మీద ఒక ముక్కే ఉంటుంది, ట్రైలర్ లాగడం గురించి, ఎండ గురించి షరతులు మాన్యువల్లో ఉంటాయి. ఆ పేజీ చదవకుండానే ఏళ్ల తరబడి వాదించుకునేవాళ్లు చాలామంది.

నా ట్రక్కు ఏ గుంపులోకి వస్తుంది?

ట్రక్కు పేరు చూసి చెప్పలేం, ఇంజన్ చూడాలి. ఒకే షెవర్లే సిల్వరాడోలో 5.3 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఉంటే 87 చాలు, 6.2 లీటర్ల వీ8 ఉంటే కంపెనీ ప్రీమియం పోయమంటుంది. రామ్ 1500లో 5.7 లీటర్ల హెమీ అనే వీ8కి 89 సిఫార్సు చేసి 87 కూడా ఒప్పుకుంటారు. అదే రామ్‌లో సూపర్‌చార్జర్ (టర్బో లాగే గాలిని లోపలికి నెట్టే పరికరం) ఉన్న టీఆర్ఎక్స్‌కి ప్రీమియం తప్పదు. ఫోర్డ్ ఎఫ్-150లో ఎకోబూస్ట్ టర్బో ఇంజన్లు 87 మీద నడుస్తాయి, కానీ ట్రైలర్ లాగడం లాంటి బరువు పనులకు ప్రీమియం మంచిదని మాన్యువలే చెబుతుంది. హోండా రిడ్జ్‌లైన్ లాంటివాటికి 87తో సరి, దాని గురించి ఆలోచించడం కూడా దండగ.

కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందనే లెక్క) ఎక్కువ ఉంటే ప్రీమియం కావాలి అనేది పాత కాలపు సూత్రం, ఇప్పుడు అది ఒక్కటే చూస్తే పొరబడతారు. 2018 తర్వాత ఎఫ్-150లో వచ్చిన 5.0 లీటర్ల వీ8 కంప్రెషన్ రేషియో 12:1, అయినా 87 మీద హాయిగా నడుస్తుంది, ఎందుకంటే పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకే చల్లడం వల్ల లోపలి మిశ్రమం చల్లబడి నాకింగ్‌ని తట్టుకుంటుంది.

సిఫార్సు ఉన్న ఇంజన్లో నిజంగా ఎంత తేడా వస్తుంది?

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్, అదే ట్రిపుల్ ఏ, 2017లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే పరీక్షలు చేసింది. ప్రీమియం సిఫార్సు మాత్రమే ఉన్న బండ్లు తీసుకుని 87తోనూ ప్రీమియంతోనూ కొలిస్తే సగటున మైలేజీ 2.7 శాతం, హార్స్‌పవర్ 1.4 శాతం పెరిగాయి. సగటు కంటే నాకు ఆసక్తిగా అనిపించేది బండికీ బండికీ మధ్య ఉన్న తేడా. ఆడీ ఏ3 మైలేజీ పెరగకపోగా ఒక శాతం తగ్గింది, కాడిలాక్ ఎస్కలేడ్‌కి మాత్రం 7.1 శాతం పెరిగింది. ఎస్కలేడ్‌లో ఉన్నది సిల్వరాడో లాంటి జనరల్ మోటార్స్ పెద్ద పికప్‌లలో వచ్చే 6.2 లీటర్ల వీ8 కుటుంబమే, బండి కూడా బాగా బరువు. అంటే బరువైన బండి, ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్ కలిసినచోట తేడా కనిపిస్తుంది.

ఇక 87 చాలు అని రాసి ఉన్న బండ్ల సంగతి అదే సంస్థ అంతకుముందు ఏడాది, 2016లో చూసింది. వాటిలో ప్రీమియం పోస్తే పనికొచ్చే మెరుగుదల ఏదీ కనబడలేదు. అమెరికన్లు అలా అనవసరంగా ఏడాదికి 210 కోట్ల డాలర్లు వృథా చేస్తున్నారని అప్పట్లో లెక్కగట్టారు.

డబ్బుల లెక్క ఎలా వేయాలి?

సూత్రం ఒక్కటే: ధర ఎంత శాతం ఎక్కువో మైలేజీ కూడా అంత శాతం పెరిగితేనే గిట్టుబాటు. రెగ్యులర్ 3.20 డాలర్లు, ప్రీమియం 4.00 డాలర్లు అనుకోండి. తేడా 25 శాతం. పైన చెప్పిన ఎస్కలేడ్‌కి కూడా 7 శాతమే వచ్చింది, కాబట్టి మైలేజీతో డబ్బు తిరిగి రాబట్టుకోవడం జరిగే పని కాదు.

ఏడాదికి 12,000 మైళ్లు, గ్యాలన్‌కి 18 మైళ్లు ఇచ్చే ట్రక్కు అనుకుంటే 667 గ్యాలన్లు కావాలి, రెగ్యులర్‌తో సుమారు 2,133 డాలర్లు. ప్రీమియంతో మైలేజీ 2.7 శాతం పెరిగిందనే అనుకుందాం, అప్పుడు 649 గ్యాలన్లు, సుమారు 2,597 డాలర్లు. అంటే ఏడాదికి 460 డాలర్ల పైచిలుకు అదనం, అదీ సగటు మెరుగుదల మీ బండికి వచ్చిందని ముందే ఒప్పేసుకుని. 26 గ్యాలన్ల ట్యాంకు ఖాళీ చేసి నింపిన ప్రతిసారీ దాదాపు 21 డాలర్లు ఎక్కువ కడుతున్నారు. ఆ డబ్బుకి ట్రక్కు చురుగ్గా పరిగెత్తుతుంది, మనసుకి బాగుంటుంది అంటే నేను కాదనను, అది మీ సరదా. మైలేజీ వల్ల కలిసొస్తుంది అని మాత్రం ఇంట్లో చెప్పకండి, లెక్క అడిగితే దొరికిపోతారు.

ట్రైలర్ లాగేవాళ్లకి కూడా ఇదే సమాధానమా?

కాదు. కార్లవాళ్లకి చెప్పే సలహా ట్రక్కులవాళ్లకి అతకనిది సరిగ్గా ఇక్కడే.

ఖాళీ ట్రక్కు హైవే మీద వెళ్తున్నప్పుడు ఇంజన్ తన సత్తాలో కొంచెమే వాడుతుంది, సిలిండర్లో ఒత్తిడి తక్కువ, 87కి ఏ ఇబ్బందీ ఉండదు. వెనక 7,000 పౌండ్ల ట్రైలర్ తగిలించి, ఆగస్టు ఎండలో, పొడవైన ఎత్తు ఎక్కుతుంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. టర్బో చాలాసేపు గట్టిగా గాలి నెడుతూనే ఉంటుంది, లోపలికి వచ్చే గాలి వేడిగా ఉంటుంది, ఇంజన్ తక్కువ తిరుగుడులోనే ఎక్కువ బరువు మోస్తుంది. ఇవన్నీ నాకింగ్‌ని పిలిచేవే. సెన్సర్ పసిగట్టి స్పార్క్ వెనక్కి జరుపుతుంది, పవర్ తగ్గుతుంది, మీరు ఇంకాస్త తొక్కుతారు, గేరు కిందికి పడుతుంది, ఇంజన్ అరుస్తుంది, పెట్రోల్ ఇంకా తాగుతుంది. ఎత్తు మధ్యలో గేర్లు అటూ ఇటూ మారుతూ బండి తడబడుతోందంటే చాలాసార్లు దీని పాత్ర కూడా ఉంటుంది.

కాబట్టి టర్బో ఇంజన్‌కో, ప్రీమియం సిఫార్సు ఉన్న పెద్ద వీ8కో బరువైన ట్రైలర్ తగిలిస్తే ఆ ప్రయాణం మట్టుకు ప్రీమియం పోయించడం దండగ ఖర్చు కాదు. 87 మాత్రమే చాలని రాసి ఉన్న, టర్బో లేని ఇంజన్ అయితే ముందు 87తోనే లాగి చూడండి. నాకింగ్ శబ్దం వినిపించకపోతే, బండి మరీ నీరసపడకపోతే అదే కొనసాగించండి. గడ్డి కోసే యంత్రం ఒక్కటి ఎక్కించుకున్న చిన్న ట్రైలర్‌ని "టోయింగ్" లెక్కలో వేసుకుని ఏడాదంతా ప్రీమియం పోయించనక్కర్లేదు.

ట్రిప్ వరకే ప్రీమియం అంటే, ఎప్పుడు పోయించాలి?

ట్యాంకు బాగా తగ్గాక, ట్రైలర్ తగిలించే ముందు నింపండి. సగం 87 ఉండగా పైన 93 పోస్తే లోపల ఉండేది 90. కంప్యూటర్ కొత్త పెట్రోల్‌కి అలవాటు పడటానికి కాస్త దూరం నడవాలి కాబట్టి, బంకు నుంచి బయటకు రాగానే తేడా తెలియలేదని నిరుత్సాహపడొద్దు. తిరిగొచ్చాక మళ్లీ 87కి మారిపోవచ్చు, అలా మార్చి మార్చి పోయడం వల్ల ఇంజన్‌కి ఏమీ కాదు.

మధ్యలో ఉండే 89 తీసుకుంటే రెండు విధాలా సరిపోదా?

5.7 హెమీ లాంటి 89 అడిగే ఇంజన్లకు అది సరైనదే. మిగతావాళ్లకి అటూ ఇటూ కానిది. చాలా బంకుల్లో 89 అనేది విడిగా తయారైన ఇంధనం కాదు, రెగ్యులర్, ప్రీమియం ట్యాంకుల నుంచి పంపే కలిపి ఇస్తుంది. కొన్నిచోట్ల రేటు చూస్తే సగం సగం మీరే కలుపుకున్న దానికంటే ఎక్కువ పడుతుంది, బోర్డు మీద మూడు రేట్లూ చూసి గుణించుకోండి.

కొలరాడో వైపు వెళ్తే 85 కనిపిస్తుంది, పోయొచ్చా?

మాన్యువల్ 87 కంటే తక్కువ వద్దంటే వద్దు. ఎత్తయిన చోట గాలి పల్చగా ఉంటుంది, సిలిండర్లో ఒత్తిడి తగ్గుతుంది, అందుకే కార్బ్యురేటర్ల కాలంలో 85 సరిపోయేది. ఇప్పటి టర్బో ఇంజన్ ఆ పల్చటి గాలిని మళ్లీ ఒత్తి నింపేసుకుంటుంది, కాబట్టి ఎత్తు వల్ల దొరికే వెసులుబాటు దానికి పెద్దగా దక్కదు. పైగా 85 నింపుకుని కొండ దిగి మైదానంలోకి వచ్చేశాక ట్యాంకులో మిగిలేది అదే.

ప్రీమియం పోస్తే ఇంజన్ శుభ్రంగా ఉంటుందట కదా?

ఆక్టేన్‌కీ శుభ్రతకీ సంబంధం లేదు. శుభ్రం చేసేది పెట్రోల్లో కలిపే డిటర్జెంట్. అమెరికాలో అన్ని గ్రేడ్లలోనూ కనీస మోతాదు ఉండాలని నిబంధన ఉంది, అంతకంటే మెరుగైన మోతాదు కోసం 2004లో కొన్ని కార్ల కంపెనీలు కలిసి టాప్ టియర్ అనే ప్రమాణం పెట్టాయి. ఆ గుర్తు ఉన్న బ్రాండ్ తన 87లో కూడా ఆ ప్రమాణం పాటించాలి. ట్రిపుల్ ఏ 2016 పరీక్షలో, 4,000 మైళ్లకు సమానంగా నడిపాక, టాప్ టియర్ కాని పెట్రోల్ వాడిన ఇంజన్లో సగటున 19 రెట్లు ఎక్కువ మసి పేరుకుంది. ప్రీమియం కోసం గ్యాలన్‌కి 80 సెంట్లు పెట్టే బదులు టాప్ టియర్ రెగ్యులర్ కోసం కొద్ది సెంట్లు పెట్టడం నయం.

ఒక్క మెలిక. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి మాత్రమే చల్లే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వ్‌ల వెనక పట్టే మసిని ఏ పెట్రోలూ కడగలేదు, అది అటు వెళ్లదు కాబట్టి.

పొరపాటున 87 పోసేశాను, బండికి 91 కావాలి. ఇప్పుడు?

టెన్షన్ పడకండి. సిఫార్సు మాత్రమే అయితే ఏమీ చేయనక్కర్లేదు. తప్పనిసరి అయితే ఆ ట్యాంకు అయ్యేదాకా బలంగా తొక్కకుండా, ఏమీ లాగకుండా నడపండి, కొంచెం తగ్గగానే పైన ప్రీమియం పోయించండి. నాకింగ్ గట్టిగా వినిపిస్తుంటే, చెక్ ఇంజన్ లైటు వెలిగితే మాత్రం మెకానిక్‌కి చూపించండి.

పాత ట్రక్కు, ఈ మధ్య 87తో నాకింగ్ వస్తోంది. ప్రీమియంకి మారితే సరా?

శబ్దం ఆగొచ్చు, రోగం అలాగే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సిలిండర్లో మసి పేరుకుంటే ఖాళీ తగ్గి ఒత్తిడి పెరుగుతుంది, ఆ మసి ముక్కలే వేడెక్కి నిప్పు రాజేస్తాయి. ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపేది) పట్టేసినా, కూలింగ్ సరిగా లేక ఇంజన్ వేడెక్కుతున్నా, స్పార్క్ ప్లగ్‌లు సరైనవి కాకపోయినా ఇదే శబ్దం. గ్రేడు పెంచి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, కానీ ఆ అదనపు ఖర్చు ఒకసారి మెకానిక్‌కి చూపించుకునే ఖర్చుని తొందరగానే దాటిపోతుంది.

88 అని చవగ్గా అమ్ముతున్నారు, అది ప్రీమియంకి దగ్గరా?

అది ఈ15, అంటే 15 శాతం దాకా ఎథనాల్. 2001, ఆ తర్వాత వచ్చిన కార్లకు, చిన్న ట్రక్కులకు పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతి ఉంది, అయినా మీ మాన్యువల్ ఒప్పుకుంటుందో చూడండి. ఎథనాల్ ఆక్టేన్ పెంచుతుంది గానీ గ్యాలన్‌కి శక్తి తగ్గిస్తుంది, కాబట్టి మైలేజీ రవ్వంత తగ్గుతుంది. ఫ్లెక్స్ ఫ్యూయెల్ బ్యాడ్జ్ ఉన్న (ఎథనాల్ ఎక్కువున్నా నడిచే) ట్రక్కుల్లో పోసే, ఎథనాల్ ఎక్కువ పాళ్లలో ఉండే ఈ85 కూడా అంతే, ఆక్టేన్ చాలా ఎక్కువ, మైలేజీ మాత్రం 15 నుంచి 27 శాతం దాకా పడిపోతుంది.

బయట ట్యూన్ చేయించాను, ఇంకా 87 పోయొచ్చా?

ట్యూన్ అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించడం. ఆ ట్యూన్ ఏ ఆక్టేన్‌కి రాశారో అదే పోయాలి. 93కి రాసిన ట్యూన్ స్పార్క్‌ని ముందుకు జరిపి, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచి పెట్టి ఉంటుంది, దాని మీద 87 పోసి ట్రైలర్ లాగితే నాక్ సెన్సర్ కాపాడుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ట్యూన్ ధరతో పాటు ఇకపై ప్రతి గ్యాలన్‌కి పెట్టే అదనపు ధర కూడా కలిపి ఆలోచించి అప్పుడు చేయించుకోండి.

ఆక్టేన్ బూస్టర్ సీసాలు?

సీసా మీద "30 పాయింట్లు పెంచుతుంది" అని పెద్దక్షరాలతో ఉంటుంది. ఆ భాషలో పది పాయింట్లంటే ఒక్క ఆక్టేన్ అంకె. అంటే 87 కాస్తా 90 అవుతుంది, అంతే, 117 కాదు. పక్క పంపులోనే 91 దొరుకుతుంటే సీసా ఎందుకు?

నా ట్రక్కులో తేడా ఉందో లేదో నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, అదే ఉత్తమం. ఒకే దారి, ఒకే బంకు, ఒకే రకం వాతావరణం ఉండేలా చూసుకుని వరుసగా కొన్ని ట్యాంకులు 87, తర్వాత కొన్ని ట్యాంకులు ప్రీమియం వాడండి. మీటర్ మీద చూపించే మైలేజీని నమ్మకుండా నింపిన గ్యాలన్లు, నడిచిన మైళ్లు రాసుకుని భాగించండి. ఒక్క ట్యాంకుతో తేల్చేయకండి, గాలి ఎదురుగా వీచినా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా రెండు మూడు శాతం తేడా ఊరికే వచ్చేస్తుంది, మీరు వెతుకుతున్న తేడా కూడా అంతే కదా.

నాది డీజిల్ ట్రక్కు.

అయితే ఈ అంకెలేవీ మీకు వర్తించవు. డీజిల్‌కి కొలత సీటేన్, అది త్వరగా అంటుకోవడాన్ని కొలుస్తుంది, ఆక్టేన్‌కి పూర్తిగా తలకిందులు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పెట్రోల్ పోశారంటే, రెగ్యులరైనా ప్రీమియమైనా, తాళం తిప్పకండి. అక్కడి నుంచే టో చేయించి ట్యాంకు ఖాళీ చేయించండి.